పదకొండో తూటా

వెల్డా స్టేసీ పనిలేకుండా ఒకరి గుమ్మం ఎక్కే మనిషి కాదు. కెంటకీ తూర్పు కొండల్లో, సికమోర్ లోయ చివరింట్లో అరవై ఒక్కేళ్ళుగా ఉంటోంది. ఇన్నేళ్ళలో ఎవరింటికి వెళ్ళినా చేతిలో ఏదో ఒకటి ఉండేది. కాళ్ళు పొట్టిచేసిన పంట్లామో, జిప్పు మార్చిన కోటో, చావింటికైతే కేకో. ఇచ్చేది ఇచ్చి, వాళ్ళు "కూర్చోవే" అంటే "పొయ్యి మీద గిన్నె ఉంది" అని వచ్చేసేది. పొయ్యి మీద ఏ గిన్నే ఉండేది కాదు.

ఊళ్ళో చొక్కాల ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ అందులో కాలర్లు కుట్టింది. మొత్తం ఇరవై ఏడేళ్ళు. కుట్టు వంకరపోతే కట్ట కట్టంతా తనిఖీ బల్ల దగ్గర్నుంచి వెనక్కొచ్చేది, విప్పి మళ్ళీ కుట్టి చావాలి. వెల్డా కట్ట ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. "దేవుడు నిన్ను స్కేలు పెట్టి గీశాడా అక్కా?" అని పక్క మిషన్ పిల్ల ఏడిపించేది. ఫ్యాక్టరీ మూసేసిన రోజున మేనేజరు అందరికీ తలా ఒక గోడ గడియారం ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. నెల తిరక్కుండా ఆ గడియారాలన్నీ ఆగిపోయాయి. నేనైతే తీసుకెళ్ళి అతని మొహాన కొట్టి వచ్చేదాన్ని. వెల్డా దాన్ని గోడకే ఉంచి, కింద బట్టలు కుట్టుకుంటూ కూర్చుంది.

పెళ్ళి చేసుకోలేదు. అమ్మకి సేవ చేసింది. అమ్మ పోయాక అక్క నోలా, తనూ ఒకే ఇంట్లో కాలక్షేపం చేశారు. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవారు, రాత్రి ఒకే పళ్ళెంలో కేకు తినేవారు. రెండు చలికాలాల కిందట నోలా కూడా పోయింది. అప్పట్నుంచి వెల్డా వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడే తింటోంది. బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా ఖాళీ కుర్చీ కనబడుతుందని. ఆ ఊరి బ్యాంకువాళ్ళకి ఒక ఫోన్ నంబరు ఉంది. చేస్తే టైమెంతయిందో, బయట చలి ఎంత ఉందో ఒక ఆడగొంతు చెబుతుంది. వెల్డా రోజుకి రెండుసార్లు చేసేది. టైము తెలియక కాదు.

ఆ సెప్టెంబరులో లోయలో మూడిళ్ళలో దొంగలు పడ్డారు. వాళ్ళు డబ్బు జోలికి పోలేదు, ముసలివాళ్ళ అలమరాల్లోని నొప్పి బిళ్ళలు ఊడ్చుకుపోయారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారి భార్య ఒంటరి ఆడవాళ్ళందర్నీ పోగుచేసింది.

"మనం ఐదుగురం కలిసి చర్చి వ్యానులో వెళ్ళి, హార్లిస్ నేపియర్ గారి దగ్గర తుపాకీ నేర్చుకుందాం. ఆయన చీటీ రాసిస్తే షెరీఫ్ ఆఫీసులో లైసెన్సు ఇస్తారు. కోటు లోపల పెట్టుకు తిరగొచ్చు. ఏమంటావు వెల్డా సిస్టర్?"

వెల్డా సరేనంది. దొంగలంటే భయం లేకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే, ఐదుగురు కలిసి వ్యానులో వెళ్ళడం అన్న మాట ఆమె చెవికి ఇంపుగా వినిపించింది.

ముందు తుపాకీ కొనాలి. బజారులో క్లోవిస్ కొట్టుంది, చేపలు పట్టే గేలాల పక్కనే తుపాకులు. క్లోవిస్ ఆమెను చూడగానే గులాబీ రంగు పిస్తోలు ఒకటి తీసి గాజు బల్ల మీద పెట్టాడు.

"ఆడవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తున్నారండీ."

"నేను పసిపిల్లకి గౌను కొనడానికి రాలేదయ్యా."

అతను నవ్వి, నల్లదొకటి తీశాడు. పైభాగం వెనక్కి లాగితే గాని తూటా లోపలికి పోదు. కీళ్ళనొప్పుల చేతులతో వెల్డా రెండుసార్లు లాగి వదిలేసింది. ఇంకొకటి ఇచ్చాడు, అది బరువు. కోటు జేబులో వేస్తే ఒక పక్క వేలాడి ఊరంతటికీ తెలిసిపోతుంది. అప్పుడు ఆమె కళ్ళు బల్ల కింది అరలో, జేబుకత్తుల మధ్య పడున్న ఒక చిన్న వస్తువు మీద పడ్డాయి.

"అదేమిటి?"

"అదా? రివాల్వరేలెండి. ఐదు తూటాలు. దాన్ని తుపాకీ అనడం కంటే తాళంచెవుల గుత్తి అనడం మేలు. దాంతో పేల్చారనుకోండి, దొంగ చావడు, అలుగుతాడు."

అయినా చేతికిమ్మంది. అరచేతిలో పెట్టుకుంటే వేళ్ళు మూసుకున్నాయి. పిడి రెండు వేళ్ళకే సరిపోతుంది. ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ కూడా లేదు, చిన్న బొడిపె అంతే. ముందున్న సన్నటి పిన్ను నొక్కి లాగితే తూటాల చక్రం ఊడి చేతిలోకొస్తుంది. ఒక్కో గూట్లో ఒక్కో తూటా పెట్టి, మళ్ళీ చక్రం బిగించి, పిన్ను దూర్చాలి. మొగవాళ్ళ లావుపాటి వేళ్ళకి అదో నరకమని క్లోవిస్ చెప్పాడు. వెల్డా మూడుసార్లు ఊడదీసి మూడుసార్లు బిగించింది. కుట్టుమిషన్ బాబిన్ మార్చినంత సుఖంగా ఉంది. అంచులు వేలితో తడిమింది. ఎక్కడా గరుకు లేదు. ఎవరో శ్రద్ధగా చేశారు దాన్ని అనుకుంది. ఆ మాట అనుకుని చాలాకాలమైంది.

"ఇదే ఇవ్వు."

"అమ్మా, మళ్ళీ ఒకసారి ఆలోచించుకోండి."

"నువ్వు ఆలోచించుకో, గులాబీ రంగుది ఎవరికి అంటగడతావో."

ఆ రాత్రే కోటు లోపలి అస్తరు విప్పి, ఎడమ పక్కన ఒక జేబు కుట్టింది. రివాల్వర్ ఆకారానికి సరిపోయేట్టు గట్టి గుడ్డతో, రెండు వరసల కుట్టు. పైకి ఏమీ తెలియదు.

హార్లిస్ నేపియర్‌కి డెబ్బై దాటాయి. ఒకప్పుడు గనిలో పనిచేశాడు. ఇరవై రెండేళ్ళుగా తన ఇంటి వెనక, బొగ్గు కోసం కొండని తొలిచి వదిలేసిన చోట, తుపాకీ పాఠాలు చెబుతున్నాడు. పరీక్ష ఇరవై ఒక్క అడుగుల దూరం నుంచి. మనిషి బొమ్మ అచ్చేసిన కాగితం మీద ఇరవై తూటాలు కాల్చాలి, అందులో పదకొండు బొమ్మకి తగలాలి. ఆయనకో అలవాటు. ఒకసారి శిష్యుడిగా తీసుకుంటే పాసయ్యేదాకా వదలడు. పాసవనివాళ్ళు ప్రతి మంగళవారం పదింటికి రావచ్చు, మళ్ళీ ఫీజు లేదు. ప్రతి ఒక్కరి కాగితాలూ తారీఖు వేసి దాస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర నేర్చుకుని పాసవనివాళ్ళు లేరు. ఆ మాట రోజుకి నాలుగుసార్లు చెప్పుకునేవాడు, పాపం.

శనివారం నలుగురు సిస్టర్లూ ఆయన పొడుగు గొట్టం రివాల్వర్‌తో కాల్చి పాసయ్యారు. వెల్డా తన బుల్లిది తీసింది.

"ఏమండీ, దాంతో కష్టం. పరీక్షకి నాది తీసుకోండి, కళ్ళు మూసుకుని పాసవుతారు."

"నేను జేబులో పెట్టుకోబోయేది ఇది. ఇంకోదాంతో పాసయితే మోసం కాదూ?"

హార్లిస్ ఆమెని ఎగాదిగా చూసి, టోపీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ మాట ఆయనకి నచ్చింది. మోసం అన్న మాట తర్వాత వెల్డాకి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను.

ఆరు తగిలాయి. తక్కినవి మట్టిలోకి పోయాయి. వ్యాను తిరిగొచ్చేప్పుడు నలుగురు సిస్టర్లూ చీటీలు చూసుకుంటూ నవ్వుకుంటుంటే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మళ్ళీ ఒక్కతే మిగిలింది.

మంగళవారం వెళ్ళింది. చేతిలో పని ఉంది కాబట్టి వెళ్ళగలిగింది.

రేకుల షెడ్డు, లోపల కట్టెల పొయ్యి, దాని మీద కాఫీ. హార్లిస్ ఆమె వెనక నిలబడి, మణికట్టు కింద తన చెయ్యి ఆనించి, ఎలా పట్టుకోవాలో చూపించాడు.

"తూటాలు పెట్టాక ఈ వెనక సుత్తి ఉందే, ఇది తూటా మీద కూర్చోకూడదు. రెండు తూటాల మధ్య గాడి ఉంది, అందులో కూర్చోవాలి. లేకపోతే జారిపడిన రోజున దొంగ అక్కర్లేదు, నిన్ను నువ్వే కాల్చుకుంటావు. ఏది, చెయ్యి. ఆఁ. ఇప్పుడు ఊపిరి సగం వదిలి ఆపు. ట్రిగ్గర్ని లాగకు, నొక్కు. కుక్కపిల్లని బుజ్జగించినట్టు."

"నాకు కుక్కపిల్ల లేదు."

"ఇప్పుడుంది. చేతిలోనే ఉంది."

మనిషి చెయ్యి తన చేతికి తగిలి ఎన్నాళ్ళయిందో వెల్డా లెక్కవేసుకుంది. నోలా ఆసుపత్రిలో ఉన్నప్పటి మాట. ఆ ముసలాయన చేతిలో ఏ దురుద్దేశమూ లేదు, ఆమెకీ లేదు. చెయ్యి వెచ్చగా ఉంది, అంతే. ఆమెకి ఏడుపొచ్చింది. తుపాకీ మందు పొగ కళ్ళలో పడిందని చెప్పింది.

ఏడు తగిలాయి. పన్నెండింటికి ఇంట్లోంచి హార్లిస్ భార్య ఓపల్ గంట కొట్టింది.

"ఏమయ్యో! ఆవిణ్ణి తిండి పెట్టకుండా పంపేస్తావా ఏం? చెయ్యి కడుక్కుని ఇద్దరూ రండి!"

వెల్డా పొయ్యి మీద గిన్నె ఉందని చెప్పబోయింది. ఓపల్ వినలేదు. "మా పొయ్యి మీదా ఉంది గిన్నె, దాన్ని ఖాళీ చెయ్యాలి ముందు" అంది. పంది ముక్క వేసి పొద్దున్నుంచీ ఉడికించిన చిక్కుడు గింజలు, ఇనప మూకుట్లో కాల్చిన మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ. బల్ల చుట్టూ మూడు కుర్చీలు. మూడూ నిండాయి. భార్యాభర్తలు ఉప్పు దగ్గర పోట్లాడుకున్నారు. "యాభై ఏళ్ళయింది, ఇంకా రుచి చూడకుండానే ఉప్పేసుకుంటాడు చూడవే వెల్డా" అని ఓపల్ ఆమెకి ఫిర్యాదు చేసింది. ఏమేవ్, ఒసేవ్ అనే మనుషుల మధ్య కూర్చుని తినడం ఎంత బాగుందంటే, ఆమె రెండోసారి వడ్డించుకుంది. ఆ రోజు బ్యాంకు నంబరుకి ఫోన్ చెయ్యలేదు.

రెండో మంగళవారం ఎనిమిది. మళ్ళీ గింజలు, మళ్ళీ రొట్టె, ఈసారి ఎండు ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి ‘పై’లు కూడా.

మూడో మంగళవారం ఆమె కాస్త ముందే వచ్చింది. హార్లిస్ కట్టెలు తేవడానికి వెళ్ళాడు. "నువ్వు చెయ్యి అలవాటు చేసుకుంటుండు" అన్నాడు. ఆమె ఐదు తూటాలు నింపి, ఊపిరి సగం వదిలి, నొక్కింది. ఐదుసార్లు. వెళ్ళి చూసింది. ఐదూ బొమ్మ గుండె మీద, పచ్చడి సీసా మూత కింద పట్టేంత చోట.

చెయ్యి నేర్చేసుకుంది. ఆమెని అడక్కుండానే.

సంతోషం రావలసిన చోట ఆమెకి భయం వేసింది. ఇరవైలో పదకొండు కాదు, ఇవాళ ఇరవైకి ఇరవై కొట్టగలదు. కొడితే హార్లిస్ చీటీ రాసిస్తాడు. చీటీ వస్తే ఇక్కడ పనేమిటి? వచ్చే మంగళవారం పదింటికి ఏమని వస్తుంది? ఊరికే వచ్చానండీ, ఒక్కదాన్నే తినలేక వచ్చానండీ అంటుందా? ఆ మాట అనడం కంటే ఆకలితో చావడం తేలిక ఆమెకి. అలా పెరిగింది మనిషి, ఏం చేస్తాం.

ఆ కాగితం పీకి, మడిచి, కట్టెల పొయ్యిలో వేసింది. కొత్తది తగిలించింది. హార్లిస్ కట్టెలతో వచ్చేసరికి బుద్ధిగా నిలబడి ఉంది.

తప్పు కాల్చడం ఎలాగో ఆమెకి తెలియదు. అది ఆమె ఎప్పుడూ చెయ్యని పని. ఎటు పడితే అటు కాల్చబోతే చెయ్యి ఒప్పుకోలేదు, గురి లేకుండా నొక్కడానికి వేలు మొరాయించింది. చూపు ఆనడానికి ఏదో ఒకటి కావాలి. కాగితం కింద ఎడమ మూల అచ్చువేసినవాళ్ళు ఒక చిన్న నల్ల నక్షత్రం వేస్తారు. తప్పు పోవలసిన తూటాలన్నీ దాని మీద గురిపెట్టి కాల్చింది. తొమ్మిది బొమ్మకి, పదకొండు నక్షత్రానికి. ఆ మూల చిరిగి చీలికలైంది.

"ట్రిగ్గర్ లాక్కుంటున్నావు" అన్నాడు హార్లిస్, శుక్లాలు కమ్మిన కళ్ళని కాగితానికి దగ్గరగా పెట్టి. "కుడిచేతివాళ్ళు లాక్కుంటే కిందికీ ఎడమకీ పోతాయి. రెండో మూడో ఇక్కడ మూలకి తగిలాయి, తక్కినవి మట్టిలోకి పోయాయి. ఫరవాలేదు, తొమ్మిది. వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం పది. ఆ పై వారం కూడా పది. హార్లిస్ ఆమె రివాల్వర్ తీసుకుని తనే ఐదు కాల్చి చూశాడు. గుండె మీద పడ్డాయి. తుపాకీలో దోషం లేదు. ఆయన దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్ళాడు. ఆ రోజు భోజనం దగ్గర ఉప్పు గురించి పోట్లాట కూడా జరగలేదు. వెల్డాకి అన్నీ కనబడ్డాయి. అయినా ఇంటికొచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, వచ్చే మంగళవారానికి ఏ పై చేసి తీసుకెళ్దామా అని ఆలోచించింది.

ఆరో మంగళవారం గుమ్మడికాయ పైతో వెళ్ళింది. హార్లిస్ కాగితం తగిలించడానికి కొండ వైపు వెళ్ళాడు. ఓపల్ వంటింట్లో గింజలు ఏరుతూ, తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"వెల్డా, నీకొక మాట చెప్పాలే. నీ మీద నెపం కాదు, నీ తప్పేం లేదు. ఆయనకి నిద్ర పట్టట్లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. నువ్వు పదకొండు కొట్టలేకపోతున్నావని. తుపాకీలో లోపం లేదు, ఆవిడ చెయ్యి వణకదు, చెప్పినట్టల్లా చేస్తుంది, అంటే లోపం నా పాఠంలోనే ఉంది అంటాడు. నాకు వయసైపోయింది, కళ్ళు పోయాయి, ఆవిడకి తప్పుడు చదువు చెబుతున్నాను, రేపు దొంగ ఎదురైతే ఆవిడ చచ్చిపోతుంది, ఆ పాపం నాది అంటాడు. నిన్న రాత్రి, పాఠాలు చెప్పడానికి సర్కారువాళ్ళు ఇచ్చిన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇవాళ కూడా కాకపోతే తిరిగి పంపించేస్తాడట. గనిలోంచి బయటికొచ్చాక ఆయన్ని బతికించిందే ఆ కార్డు. అది పోతే ఇంట్లో కూర్చుని గోడ చూస్తాడు. మనిషి నాకు దక్కడు."

వెల్డా చేతిలో గుమ్మడికాయ పై పళ్ళెం ఇంకా అలాగే ఉంది. తను తిన్న ఆ అన్నం ఎక్కడిదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఒక ముసలాయన నిద్రలోంచి తీసుకుని తింది. సిగ్గుతో చెవులు మండాయి.

పళ్ళెం బల్ల మీద పెట్టి, బయటికి నడిచింది.

మొదటి ఐదూ బొమ్మకి. చక్రం ఊడదీసి, ఖాళీ తూటాలు పిన్నుతో పొడిచి రాల్చి, మళ్ళీ నింపింది. ఇంకో ఐదూ బొమ్మకే. పది. హార్లిస్ పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాడు. ఆమె మూడోసారి నింపి చెయ్యెత్తింది. నక్షత్రం అక్కడే ఉంది, కింద ఎడమ మూల. దాని మీద కాలిస్తే వచ్చే మంగళవారం ఉంటుంది. గింజలుంటాయి, మూడో కుర్చీ ఉంటుంది. చూపు అటే పోయింది. ఆమె దాన్ని బలవంతాన వెనక్కి తెచ్చింది, ఊపిరి సగం వదిలింది, నొక్కింది.

పదకొండోది గుండె మధ్యలో తగిలింది.

ఆ తర్వాత ఆపదలుచుకోలేదు. ఇరవై కాల్చింది, ఇరవై తగిలాయి. హార్లిస్ టోపీ తీసి గాల్లోకి విసిరాడు, అది వెళ్ళి ముళ్ళపొదలో పడింది.

"ఏమేవ్ ఓపల్! ఇరవై! ఇరవైకి ఇరవై! నేను చెప్పలేదూ, ఊపిరిలోనే ఉంది కిటుకంతా అని! నేను చెప్పలేదూ!"

ఓపల్ గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. ఆవిడ మొగుణ్ణి చూడలేదు, వెల్డా మొహం చూస్తోంది.

హార్లిస్ చీటీ రాశాడు, సంతకం కింద రెండు గీతలు గీశాడు. భోజనంలో ఉప్పు గురించి పోట్లాడాడు. కారు దాకా వచ్చి, "ఇంక మంగళవారాలు నీ ఇష్టం, మా పీడ వదిలింది నీకు" అని నవ్వాడు. ఆయనకేం తెలుసు.

ఆ వారం వెల్డా చీటీ షెరీఫ్ ఆఫీసులో ఇచ్చింది. లైసెన్సు కార్డు రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. రివాల్వర్ దాని పెట్టెలోనే ఉంది, కోటులో కుట్టిన జేబు ఖాళీగానే ఉంది. తొట్టి దగ్గర నిలబడి తింది. బ్యాంకు నంబరుకి మంగళవారం పొద్దున్నే మూడుసార్లు చేసింది. తొమ్మిదీ పది, ముప్ఫై ఆరు ఫారన్‌హీట్ డిగ్రీల చలి. తొమ్మిదీ పాతిక. తొమ్మిదిన్నర.

తొమ్మిది ముప్పావుకి కోటు వేసుకుంది. పెట్టె తీసి పక్క సీటులో పెట్టుకుని కారెక్కింది. పిన్ను బిగుసుకుపోయింది, రావట్లేదు, అని చెప్పాలి. దారంతా ఆ మాట చెప్పి చెప్పి చూసుకుంది. నిజంగానే బిగుసుకునేట్టు చేద్దామని మలుపు దగ్గర కారాపి, పిన్నుని ఒక పక్కకి వంచబోయింది. ఎవరో శ్రద్ధగా చేసిన వస్తువు. చేతులు రాలేదు. బాగున్న తుపాకీతోనే, పాడైన మొహంతో హార్లిస్ షెడ్డు ముందు దిగింది.

షెడ్డు లోపలి గోడ మీద ఆమె కాగితాలున్నాయి. పాసయినవాళ్ళ కాగితాలన్నీ తారీఖుల వరసన ఒకచోట కట్టి ఇవ్వడం హార్లిస్ పద్ధతి. కట్టేముందు వరసగా తగిలించి చూసుకున్నట్టున్నాడు. ఏడు కాగితాలు. మొదటి మూడింటి మీద కింద ఎడమ మూల నల్ల నక్షత్రం ఉంది. తర్వాతి మూడింటి మీద నక్షత్రం లేదు, దాని చోట చిరుగుల కంత ఉంది, మూడింటిలోనూ ఒకే చోట, ఒకే సైజులో. ప్రతి కంత చుట్టూ ఎవరో సీసా మూత పెట్టి పెన్సిలుతో గుండ్రంగా గీశారు. ఏడో కాగితం మీద నక్షత్రం మళ్ళీ భద్రంగా ఉంది.

ఆమె కట్ట మొట్టమొదటిసారి తనిఖీ బల్ల దగ్గర్నుంచి వెనక్కొచ్చింది. వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది, అయినా పెట్టె పట్టుకుని పొయ్యి వైపు తిరిగింది.

హార్లిస్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ముప్ఫై ఒకటి" అన్నాడు. "నక్షత్రానికి ముప్ఫై ఒకటి కొట్టావు, ఒక్కటీ పక్కకి పోకుండా. నా జన్మలో అలా కాల్చినవాణ్ణి చూళ్ళేదు. మూడు వారాలు నాకు నిద్ర లేదు, తెలుసా నీకు?"

"తెలుసు. ఓపల్ చెప్పింది." అంది వెల్డా. "అందుకే పదకొండోది కొట్టాను."

ఆయన పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు. అది చిటపటమంది. తర్వాత చెయ్యి చాపాడు.

"ఆ పెట్టెలో ఏమిటి?"

"పిన్ను... పిన్ను బిగుసుకుపోయిందండీ. రావట్లేదు."

హార్లిస్ పెట్టె తెరిచి, రివాల్వర్ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో పిన్ను నొక్కి లాగాడు. సూదిలోంచి దారం జారినట్టు వచ్చేసింది. చక్రం అరచేతిలో పడింది. ఆయన పిన్నుని కిటికీ వెలుతురుకి ఎత్తి, శుక్లాల కళ్ళు చికిలించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. వెల్డా నేల చూస్తోంది.

"అబ్బ, చాలా పాడైందమ్మాయ్ ఇది" అన్నాడు చివరికి. "ఇలాంటిది నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆమె తలెత్తింది.

"బాగవుతుందా?"

"చెప్పలేను. మెల్లగా చెయ్యాలి, తొందరపడితే విరిగి ఊరుకుంటుంది. చలికాలమంతా పట్టొచ్చు. ఎండాకాలం దాకా లాగినా లాగొచ్చు. నేను ఇలాంటి రిపేర్లు మంగళవారాలే చేస్తాను. వస్తువు ఎవరిదో వాళ్ళు దగ్గరుండాలి, లేకపోతే నేను ముట్టుకోను."

అని లేచి, రివాల్వర్ని పెట్టెలో పెట్టి, పెట్టెని పై అరలో, గొళ్ళేలూ మేకులూ ఉన్న డబ్బాల వెనక్కి నెట్టాడు. ఇంట్లోంచి ఓపల్ గంట కొట్టింది. పన్నెండు ఇంకా కాలేదు, పదింబావే అయింది.

"గింజలు ఉడకలేదు గానీ రండి ముందు!" అని అరిచింది ఆవిడ. "ఉల్లిపాయలు తరగడానికి మనిషి కావాలి నాకు!"

ఆ రోజు సాయంత్రం వెల్డా ఇంటికి తుపాకీ లేకుండా వెళ్ళింది. కోటు లోపల రెండు వరసల కుట్టుతో కుట్టిన జేబులో, కాగితంలో చుట్టిన మొక్కజొన్న రొట్టె ముక్క ఉంది. రాత్రికి తినమని ఓపల్ పెట్టింది. దాన్ని ఆమె బల్ల దగ్గర కూర్చుని తింది.